పేటెంట్ మినహాయింపు వెంటనే ఇచ్చి ఉంటే పేద దేశాలకు కోవిడ్ టీకా ముందే అందేదా?

కృష్ణాతీరం (ప్రశ్న):

కోవిడ్ టీకాల పంపిణీలో జరిగిన అన్యాయం గురించి ఎక్కడ మాట్లాడుకున్నా, మాట చివరికి పేటెంట్ల మీదికే వస్తుంది. ఇండియా, దక్షిణాఫ్రికా కలిసి 2020 అక్టోబరు 2న ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో ట్రిప్స్ మినహాయింపు అడిగాయి, అంటే పేటెంట్ల వంటి మేధో హక్కుల ఒప్పందాన్ని (ట్రిప్స్) కోవిడ్ వేళ పక్కన పెట్టమని. నిర్ణయం 2022 జూన్ 17న గానీ రాలేదు. ఈలోపు 2021 గడిచిపోయింది. ఆ ఏడాది ముగిసేసరికి ఆఫ్రికా జనాభాలో పూర్తిగా టీకా పడినవాళ్లు పది శాతం కూడా లేరు.

అడిగిన నెలలోనే ఇచ్చేసి ఉంటే కథ మారేదా? లేక అసలు అడ్డు ఇంకెక్కడన్నా ఉందా? నినాదాలు వద్దండి, ఎక్కడ ఏది ఆగిందో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

సరుకులబండి:

ముందు వరుస సంగతి చూడండి. టీకా పనిచేస్తుందో లేదో తేలకముందే, 2020 మధ్య నుంచే డబ్బున్న దేశాలు కంపెనీలతో విడివిడిగా ముందస్తు కొనుగోలు ఒప్పందాలు చేసేసుకున్నాయి. దేశాలన్నిటికీ టీకా పంచడానికి పెట్టిన కోవాక్స్ అనే అంతర్జాతీయ ఏర్పాటు 2020 ఏప్రిల్‌లోనే పుట్టినా, దాని చేతికి డబ్బు నెమ్మదిగా వచ్చింది. అది సంతకం పెట్టే వేళకి వరుస ముందుభాగం నిండిపోయింది. పైగా కోవాక్స్‌కి రెండు కిటికీలు: సొంత డబ్బుతో కొనే దేశాలకి ఒకటి, దాతల డబ్బు మీద ఆధారపడే 92 దేశాలకి ఇంకొకటి. విడిగా కొనుక్కున్న కెనడా కూడా మొదటి కిటికీలో నిలబడి తన వాటా తీసుకుంది. నిబంధనల ప్రకారం తప్పేం లేదు, ఆ నిబంధన రాసిన తీరే అంత.

రెండోది, ఒకే ఫ్యాక్టరీని నమ్ముకోవడం. కోవాక్స్ తొలి సరుకు 2021 ఫిబ్రవరి 24న ఘనాలో దిగింది. ఆ 6 లక్షల డోసులూ పుణెలోని సీరం సంస్థవే. నెల తిరిగేసరికి ఇక్కడ రెండో వేవ్ మొదలైంది, ఎగుమతులు ఆగిపోయాయి. మళ్లీ కోవాక్స్‌కి సరుకు కదిలింది నవంబరు చివర్లో. 2021లోనే 200 కోట్ల డోసులు ఇస్తామన్న కోవాక్స్, వంద కోట్ల మైలురాయి దాటింది 2022 జనవరి మధ్యలో.

నేపాల్‌ని చూడండి. సీరం దగ్గర 20 లక్షల డోసులకి 80 శాతం డబ్బు ముందే కట్టింది, వచ్చింది 10 లక్షలు. మొదటి డోసు పడిన పెద్దవాళ్లు రెండోదాని కోసం నెలల తరబడి కూర్చున్నారు. ఆ ఖాళీలోకి చైనా సినోఫార్మ్ వచ్చింది. టీకా దౌత్యం అంటే అసలు రూపం అదే.

ధరలోనూ అంతే. ఆస్ట్రాజెనెకా టీకాని ఐరోపా సమాఖ్య డోసుకి 1.78 యూరోలకి కొంటోందని 2020 డిసెంబరులో ఒక బెల్జియం మంత్రి ట్వీట్‌తో బయటపడింది. అదే టీకాకి దక్షిణాఫ్రికా కట్టింది 5.25 డాలర్లు.

బయోరియాక్టర్:

సరుకులబండి గారు చెప్పింది నిజమే, కానీ ఉన్న సరుకుని పంచుకోవడం గురించే చెప్పారు. కొత్త సరుకు ఎందుకు పుట్టలేదన్నది వేరే లెక్క.

మాత్రకి జెనరిక్ దారి ఉంది: అదే రసాయనం, రక్తంలో అదే స్థాయి చూపిస్తే చాలు. టీకాకి ఆ దారి లేదు. కణాలూ, ప్రాసెసూ మారితే కొత్త సరుకు కిందే లెక్క, మళ్లీ మనుషుల మీద ట్రయల్స్ చేయాల్సిందే.

ఫైజర్, మోడర్నా చేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు తీసుకోండి, వైరస్ ప్రోటీన్ తయారుచేసే సూచనని ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఒంట్లోకి పంపే రకం ఇవి. ఆర్‌ఎన్‌ఏ తయారు చేయడం కష్టంలో సగమే. దాన్ని నాలుగు రకాల లిపిడ్లతో (కొవ్వు పదార్థాలతో) కలిపి నానో కణాలుగా చుట్టాలి. రెండు ప్రవాహాలు కలిసేచోట వేగం, నిష్పత్తి, పీహెచ్ కాస్త తేడా వచ్చినా కణం సైజు పెరిగిపోతుంది, లోపలికి చేరే ఆర్‌ఎన్‌ఏ తగ్గుతుంది, చివర్లో 0.22 మైక్రాన్ల ఫిల్టర్ మూసుకుపోయి బ్యాచ్ మొత్తం పోతుంది. ఏ సెట్టింగ్ దగ్గర ఏం జరుగుతుందో పేటెంటు పత్రంలో ఉండదు, కంపెనీ ఫైళ్లలో ఉంటుంది. మోడర్నా 2020 అక్టోబరులోనే మహమ్మారి ఉన్నంతకాలం పేటెంట్లు అమలు చేయమని ప్రకటించింది. అయినా దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌లోని ఆఫ్రిజెన్ సంస్థ, మోడర్నా సాయం లేకుండా ప్రయోగశాల స్థాయిలో ఆ టీకా చేసేసరికి 2022 ఫిబ్రవరి అయింది.

పేటెంటే లేని టీకా మన హైదరాబాద్‌లోనే ఉంది కదా. కోర్బెవ్యాక్స్ మీద టెక్సస్‌లోని బేలర్ శాస్త్రవేత్తలు పేటెంటు తీసుకోలేదు, ఈస్ట్‌లో ప్రోటీన్ పెంచే పద్ధతిని బయలాజికల్ ఇ సంస్థకి నేర్పారు కూడా. అయినా అత్యవసర అనుమతి వచ్చింది 2021 డిసెంబరు 28న. అందులో వాడే సీపీజీ అడ్జువెంట్ (టీకా ప్రభావం పెంచే పదార్థం) అమెరికాలో ఒక్క కంపెనీ దగ్గరే దొరికేది. రష్యా టీకా స్పుత్నిక్‌దీ ఇదే గతి. మొదటి డోసు ఏడీ26, రెండోది ఏడీ5, రెండూ వేరు వేరు వైరస్‌లు. రెండోదాని దిగుబడి సరిపోక అర్జెంటీనా చివరికి వేరే కంపెనీ టీకాతో రెండో డోసు వేసింది. అక్కడ ఏ పేటెంటూ అడ్డు రాలేదు.

చట్టంచుట్టం:

ఈ వాదన సగం దూరం వచ్చి ఆగిపోయిందండీ. ఫైళ్లు కంపెనీ దగ్గరే ఉన్నాయంటున్నారు, మరి ఆ ఫైళ్లు బయటికి రప్పించే బలం పేదదేశం చేతిలో ఏముంది? ఇండియా, దక్షిణాఫ్రికా పెట్టిన ప్రతిపాదన పేటెంట్లతో ఆగలేదు, వ్యాపార రహస్యాలనీ కలిపే అడిగింది.

ఉన్న దారి ఎలా పనిచేసిందో బొలీవియా చూపించింది. ట్రిప్స్ 31వ అధికరణం ప్రకారం బలవంతపు లైసెన్సుతో (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే అనుమతితో) చేసిన సరుకు ముఖ్యంగా సొంత మార్కెట్‌కే వాడాలి. ఫ్యాక్టరీ లేని దేశానికి పంపాలంటే వేరే తంతు ఉంది. కొనే దేశం ఏ టీకా, ఎన్ని డోసులో డబ్ల్యూటీవోకి తెలియజేయాలి. తయారుచేసేవాడు ముందు పేటెంటుదారుని అడగాలి. అడిగింది కాదంటే తన దేశంలో లైసెన్సు కోరాలి. తయారుచేసినవాటికి వేరే గుర్తు, వేరే ప్యాకింగ్ వేయాలి. కెనడాలోని బయోలైస్ కంపెనీ 2021 మేలో బొలీవియాకి 1.5 కోట్ల జాన్సన్ టీకాలు చేసిస్తానని ఒప్పందం చేసుకుంది. బొలీవియా తన వంతు పూర్తి చేసింది. కెనడా చట్టంలో ఇలా ఎగుమతి చేయదగిన మందుల పట్టిక ఒకటుంటుంది. కోవిడ్ టీకాని ఆ పట్టికలో చేర్చలేదు. కథ అక్కడే ఆగింది. ఈ తంతు మొత్తం సజావుగా సాగి మందు చేరింది అంతకుముందు ఒక్కసారే, కెనడా నుంచి రువాండాకి, హెచ్‌ఐవీ మందు.

2022లో డబ్ల్యూటీవో ఇచ్చింది "ముఖ్యంగా సొంత మార్కెట్‌కే" అన్న షరతు మీద అయిదేళ్ల సడలింపు. టీకాలకే, పరీక్షలకీ మందులకీ కాదు. రహస్యాల ఊసే లేదు. దాన్ని చూసి "మినహాయింపు వల్ల ఉపయోగం లేదు" అనడం, కాళ్లు కట్టేసి పరుగెత్తలేదనడమే.

దక్షిణాఫ్రికాలోని గ్కెబెర్హాలో ఆస్పెన్ ఫ్యాక్టరీ జాన్సన్ టీకాని సీసాల్లో నింపింది, ఆ సీసాలు కొన్ని ఐరోపాకి పోయాయి. ఫ్యాక్టరీ ఆఫ్రికాలోనే ఉంది, సరుకు ఎటు పోవాలో నిర్ణయించే హక్కు మాత్రం అక్కడ లేదు.

బయోరియాక్టర్:

ఆస్పెన్ కథలో రెండో భాగం కూడా చెప్పాలి కదా. 2022లో సొంత పేరుతో అమ్ముకునే లైసెన్సు వచ్చాక ఒక్క ఆర్డరూ రాలేదు. హక్కుతో పాటు కొనేవాడు కూడా ముందే ఉండాలి. రహస్యాల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.

కోల్డ్‌చైన్:

ఒకటి ఎవరూ అనలేదు. సరుకు వచ్చాక కూడా సూది దాకా చేరలేదు. 2021 డిసెంబరులో నైజీరియా పది లక్షలకి పైగా డోసులు ధ్వంసం చేసింది. వాటిని దాతలు గడువు దగ్గరపడ్డాక పంపారు. విమానం దిగాక అనుమతులు, జిల్లాలకి రవాణా, శిక్షణ అన్నీ కలిపితే వారాలు పడతాయి. అందుకే కనీసం పది వారాల గడువు ఉన్నవే పంపండని ఆఫ్రికా సంస్థలూ కోవాక్సూ 2021 నవంబరులో బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

ఫైజర్ సీసా ఇంకో తలనొప్పి. 1.8 మి.లీ. సెలైన్ కలపాలి, ఊపకూడదు, మెల్లగా తలకిందులు చేయాలి, ఆరు గంటల్లో వాడేయాలి. డోసు 0.3 మి.లీ. సాధారణ టీకా కార్యక్రమాల సిరంజి 0.5 మి.లీ. డోసుకే సరిపడేది. టీకా వచ్చి 0.3 సిరంజి రాకపోతే సీసా ఫ్రీజర్లోనే. సూది మొదట్లో ఖాళీ తక్కువుండే సిరంజి లేకపోతే సీసాకి ఆరు డోసుల బదులు అయిదే వస్తాయి.

కృష్ణాతీరం:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. మరి 2025 మే 20న డబ్ల్యూహెచ్‌వోలో ఆమోదించిన మహమ్మారి ఒప్పందంతో వీటిలో ఏదన్నా తీరుతుందా?

చట్టంచుట్టం:

వరుస సమస్య కొంత తీరొచ్చు. వైరస్ నమూనాలు, జన్యు సమాచారం తీసుకునే కంపెనీలు మహమ్మారి వేళ ఉత్పత్తిలో 20 శాతం డబ్ల్యూహెచ్‌వోకి అందుబాటులో ఉంచాలి, అందులో కనీసం 10 శాతం ఉచితంగా. దాని వివరాలన్నీ అనుబంధానికి వదిలేశారు, ఒప్పందం అమల్లోకి రావాలంటే 60 దేశాలు ధ్రువీకరించాలి. అమెరికా ఇందులో లేదు.

అనుబంధం చదివేటప్పుడు ఒక్క మాట వెతకండి: ఆ 20 శాతం తయారైనప్పుడల్లా ఇవ్వాలా, ఏడాది చివర్లో లెక్క సరిచేస్తే చాలా అని. రెండోదైతే మొదటి ఆరు నెలలు మళ్లీ 2021లాగే నడుస్తాయి. టెక్నాలజీ బదిలీకి "పరస్పర అంగీకారంతో" అన్న షరతు ఎలాగూ ఉంది, బయోరియాక్టర్ గారు చెప్పిన ఫైళ్లు ఇప్పటికీ కంపెనీ దయ మీదే.