బ్యాంకాక్, ఫుకెట్ ట్రిప్: బాత్ (థాయ్ కరెన్సీ) ఇక్కడే కొనాలా, డాలర్లు పట్టుకెళ్ళాలా?

కూకట్‌పల్లి_ప్రయాణి:
వచ్చే నెల ఇంటిల్లిపాదీ, అంటే నలుగురం, ఆరు రోజులు థాయ్‌లాండ్ వెళ్తున్నాం. టికెట్లు, హోటళ్ళు కట్టేశాం. తిండికి, టాక్సీలకి, పడవ టూర్లకి, షాపింగ్‌కి లక్షన్నర అనుకుంటున్నాం. అమీర్‌పేటలో ఒక షాపువాళ్ళు "జీరో కమిషన్" అంటున్నారు. బషీర్‌బాగ్‌లో ఇంకొకరు 150 సర్వీస్ ఛార్జీ అంటున్నారు. బ్యాంకేమో ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోమంటోంది. మా బావమరిది అయితే శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కేముందు మార్చుకుంటే పోలా అంటున్నాడు. ఏది గిట్టుబాటు?

బషీర్‌బాగ్_బాబాయ్:
జీరో కమిషన్ మాట పక్కన పెట్టండి. ఎవరూ ఊరికే అమ్మరు, లాభం రేట్లో కలిపేస్తారు. ఫోన్ చేసినప్పుడు "డాలర్ ఎంత?" అని అడగొద్దు. "వెయ్యి డాలర్ల నోట్లు కావాలి, జీఎస్టీతో సహా మొత్తం ఎంత కట్టాలి?" అని అడగండి. అదే గంటలో మూడు నాలుగు షాపులకి చేయండి, ఎందుకంటే రేటు రోజంతా కదులుతుంది.

లెక్క సులువుగా ఉండడానికి మార్కెట్ రేటు 90 అనుకుందాం. జీరో కమిషన్ షాపు 92.70కి ఇస్తే వెయ్యి డాలర్లకి 92,700, జీఎస్టీ 167, మొత్తం 92,867. రెండో షాపు 90.90 చెప్పి 150 ఛార్జీ వేస్తే ఆ ఛార్జీ మీద, డాలర్ల మీద జీఎస్టీ కలుపుకున్నా 91,241. ఛార్జీ తీసుకున్నవాడి దగ్గరే 1,600 పైగా మిగిలింది.

ఈ జీఎస్టీ మొత్తం డబ్బు మీద 18 శాతం కాదు. లక్ష లోపు కొంటే అందులో ఒక శాతం విలువగా తీసుకుని దాని మీద 18 శాతం, అంటే లక్షకి 180. కనీసం 45. ఇంతకు మించి బిల్లులో "ట్యాక్స్" అని కనిపిస్తే అడిగేయండి.

శంషాబాద్ సంగతి: కౌంటర్‌కి నేరుగా వెళ్ళి మార్చుకోవడమంత దండగ ఇంకోటి లేదు. అక్కడ బేరమాడే టైమూ ఉండదు, పక్క షాపూ ఉండదు.

బాత్_భాస్కర్:
బాబాయ్ గారి లెక్కనే ముందుకు తీసుకెళ్దాం. హైదరాబాద్‌లో దిర్హమ్, రియాల్ ఎప్పుడూ దొరుకుతాయి, గల్ఫ్ రాకపోకలు అంతలా ఉన్నాయి కదా. బాత్ అంతగా తిరగదు కాబట్టి షాపువాళ్ళు మార్జిన్ ఎక్కువ వేసుకుంటారు. అందుకే డాలర్ల దారి కూడా చూడాలి.

బ్యాంకాక్‌లో ఆరోజు డాలర్‌కి 32 బాత్ ఇస్తున్నారనుకోండి. వెయ్యి డాలర్లకి 32,000 బాత్ వస్తాయి. 91,241ని 32,000తో భాగిస్తే బాత్ 2.85 పడింది. ఇక్కడి షాపు అన్నీ కలిపి 2.85 కంటే తక్కువకి ఇస్తే కళ్ళు మూసుకుని బాత్ కొనేయండి. 2.92 అంటే డాలర్లే. బ్యాంకాక్ రేట్లు పెద్ద ఎక్స్చేంజ్‌ల వెబ్‌సైట్లలో ఉంటాయి, ముందే చూసుకోవచ్చు.

డాలర్లు కొనేటప్పుడు 100 నోట్లే అడగండి. 20, 10, 5 నోట్లకి అక్కడ రేటు తక్కువ. నీలం పట్టీ ఉన్న కొత్త రకం, 2013 నుంచి వస్తున్నవి, తీసుకోండి. స్టాంపు ముద్రలు, పెన్ను రాతలు, చిరుగులు ఉన్న నోటు ఇక్కడ కౌంటర్‌లోనే వెనక్కి ఇచ్చేయండి. అక్కడ తీసుకోకపోతే మీరు చేయగలిగింది ఏమీ లేదు.

బ్యాంకాక్ ఎయిర్‌పోర్ట్ సువర్ణభూమిలో దిగాక సామాను బెల్టుల దగ్గరి కౌంటర్లలో మార్చకండి. అడుగున బి ఫ్లోర్‌కి, ఎయిర్‌పోర్ట్ రైలు ఎక్కే వైపుకి దిగితే ఊళ్ళో రేట్లకి దగ్గరగా ఇచ్చే బూత్‌లు ఉంటాయి. పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి.

కార్డు_కావ్య:
నోట్లు వెయ్యి డాలర్లు చాలు, మిగతాది కార్డు మీద పెట్టండి. మాల్స్, పెద్ద హోటళ్ళు కార్డు తీసుకుంటాయి. రోడ్డు పక్క బండ్లకీ, చిన్న పడవలకీ నోట్లు కావాలి.

ఫారెక్స్ కార్డు తీసుకుంటే అందులో బాత్ వాలెట్ ఉందా అని తప్పక అడగండి. డాలర్లు లోడ్ చేసి బాత్‌లో ఖర్చు పెడితే క్రాస్ కరెన్సీ మార్కప్, అంటే ఒక కరెన్సీ నుంచి ఇంకో కరెన్సీకి మార్చినందుకు అదనపు ఛార్జీ, మళ్ళీ పడుతుంది. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి 3.5 శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ. జీరో మార్కప్ క్రెడిట్ కార్డు ఉంటే నేనైతే ఫారెక్స్ కార్డు జోలికే వెళ్ళను. కానీ దాంతో ఏటీఎంలో డబ్బు తీయొద్దు, వడ్డీ ఆరోజు నుంచే మొదలవుతుంది. పైగా థాయ్ ఏటీఎంలు ఒక్కో విత్‌డ్రాకి 220 బాత్ లేదా అంతకంటే ఎక్కువే కోస్తాయి.

మెషీన్ "రూపాయల్లో కట్టాలా, బాత్‌లో కట్టాలా" అని అడుగుతుంది. బాత్ నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళకి నచ్చిన రేటు వేసుకుంటారు. ఇంటర్నేషనల్ వాడకం యాప్‌లో ఆన్ చేసుకోవడం మర్చిపోవద్దు.

కూకట్‌పల్లి_ప్రయాణి:
అందరికీ థాంక్స్. డబ్బు క్యాష్‌గా ఇచ్చి కొనొచ్చా? మిగిలిన డాలర్ల సంగతేంటి?

బషీర్‌బాగ్_బాబాయ్:
ఒక ప్రయాణానికి రూ.50,000 వరకే నగదు. అది దాటితే బ్యాంకు ఖాతా నుంచి లేదా కార్డుతో కట్టాలి. రెండు బిల్లులుగా విడగొట్టినా లెక్క ఒకటే. పాస్‌పోర్ట్, పాన్, టికెట్ తీసుకెళ్ళండి. ప్రయాణానికి 60 రోజుల లోపే కొనాలి. నోట్ల రూపంలో మనిషికి 3,000 డాలర్ల వరకు, మీకు చాలా ఎక్కువ. టీసీఎస్ (డబ్బు కొనేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపన్ను) ఏడాదికి 10 లక్షలు దాటితేనే, అందులో ఈ ఏడాది విదేశాలకి పంపిన ఇతర డబ్బు కూడా కలుస్తుంది.

తిరిగొచ్చాక 2,000 డాలర్ల వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించినవి 180 రోజుల్లో అమ్మేయాలి. మిగిలిన బాత్ మాత్రం బ్యాంకాక్‌లోనే ఖర్చు పెట్టేయండి, ఇక్కడ కొనేటప్పుడు వేసిన మార్జినే అమ్మేటప్పుడు ఇంకోసారి వేస్తారు. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. దొంగ నోటు వచ్చినా అడిగే దిక్కుండదు.