సమస్యాపూరణం: దారి తెలియని వాఁడె తాఁ దరినిఁ జేరె

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది తేటగీతి చివరి పాదం, ముందు మూడు పాదాలు మీవి. దేవుని మాట మీద ఇల్లూవాకిలీ వదిలి కుటుంబంతో కదిలినవాళ్ల గురించి పూరించండి.

పద్యబాటసారి:
ఊరు వీడు మటన్నంత నొక్క మాట
అడుగకే డెబ్బదైదేండ్ల నాలితోడ
నమ్మి పిల్చినవానినే నడచెఁ గాన
దారి తెలియని వాఁడె తాఁ దరినిఁ జేరె

బైబిల్లో దేవుని పిలుపు మీద హారాను పట్టణం విడిచిన అబ్రాము (అబ్రాహాము) గురించి రాశాను.

ఛందోమిత్ర: ధార బాగుంది మాస్టారూ. రెండో పాదం అచ్చుతో మొదలైంది, విసంధి (సంధి చేయకుండా వదిలేయడం). "మాట / నడుగకే" అంటే యతి (పాదంలో అక్షరాల మైత్రి) కూడా చెడదు. ఇక "దరి" సంగతి. కనాను చేరాక ఎదురైంది కరువు, మళ్లీ ఐగుప్తు (ఈజిప్టు) ప్రయాణం. కనానులో ఆయన కొన్న నేల భార్యను సమాధి చేయడానికి తీసుకున్న మక్పేలా పొలం, 400 తులాల వెండికి. జీవితమంతా గుడారాలే. దరి అంటే సుఖంగా స్థిరపడటం అనుకుంటే ఈ పూరణ నిలవదు. పిలిచినవాడు చూపిన చోటు అనుకుంటే నిలుస్తుంది.

పద్యబాటసారి: నా ఉద్దేశం రెండోదే. "నడుగకే" అని దిద్దుకుంటాను.

ఛందోమిత్ర: నా పూరణ, ఐగుప్తులో ఉన్న కొడుకు యోసేపు దగ్గరికి బయలుదేరిన యాకోబు మీద:
కొడుకు రమ్మని పిలిచినఁ గొలిచె మొదట
దైవమును, వెఱవకు మన్న దాని నమ్మి
యింటివారలు బండ్లపై నెక్కఁజేయ
దారి తెలియని వాఁడె తాఁ దరినిఁ జేరె

నిర్వాహకుడు: మూడో పాదం కళ్లకు కట్టింది. కానీ దారి తెలియకపోవడమేమిటి? కొడుకులు ధాన్యం కోసం రెండుసార్లు వెళ్లొచ్చిన దారేగా! ఐగుప్తులోని గోషెనుకు దారి చూపడానికి కొడుకు యూదాను ముందే పంపాడు కూడా.

ఛందోమిత్ర: బాట తెలుసు, వెళ్లవచ్చో లేదో తెలియదు. కరువు కాలంలోనే యాకోబు తండ్రి ఇస్సాకును ఐగుప్తుకు వెళ్లవద్దన్నాడు దేవుడు. తండ్రికి కూడదన్న చోటికి కొడుకు ఎలా బయలుదేరతాడు? అందుకే యోసేపును చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా బెయేర్షెబాలో ఆగి బలులర్పించాడు. ఒకరికి "ఉండు", ఇంకొకరికి "వెళ్లు". కదలడమే విశ్వాసం అనుకుంటే ఇస్సాకును ఏమంటాం?

నిర్వాహకుడు: అన్వయం కుదిరింది. ఒప్పుకుంటున్నాను.

ఒక గృహిణి: మావారి ఉద్యోగం మారింది, మేమూ ఊరు మారుతున్నాం. సామాను సగం కట్టాం. మా అత్తయ్య మందుల డబ్బా మాత్రం ఇంకా పైనే ఉంచాను, రోజూ కావాలి కదా. తప్పులుంటే చెప్పండి.
బిడ్డ చదువేమొ యత్తకు వెజ్జు లెవరొ
తెలియ దయ్యును గుండెలో దిగులు వీడి
నీవె చూపుదు వని నమ్మి నేను నడతు
దారి తెలియని వాఁడె తాఁ దరినిఁ జేరె

ఛందోమిత్ర: మొదటి పాదానికి చేతులు జోడించాను తల్లీ. బి-వె యతి సరిపోయింది. "నీవె" అన్నది ఎవరినో పద్యంలో లేదు. "గుండెలో" తీసి "దేవ! నా" పెట్టండి. రెండూ రగణాలే (గురువు, లఘువు, గురువు).

పద్యబాటసారి: అమ్మా, నాకు "వీడి" దగ్గరే అభ్యంతరం. వణుకుతున్న ముసలి యాకోబుకే కదా దేవుడు "వెఱవకు" అన్నది! దిగులు పోయాకే నడవాలంటే మనలో ఎవరం గడప దాటగలం? "దిగులు తోనె" అనండి, గణాలు సరిపోతాయి.

ఒక గృహిణి: అవును మాస్టారూ, నాకు దిగులు పోలేదు. రెండు సవరణలూ తీసుకున్నాను.
బిడ్డ చదువేమొ యత్తకు వెజ్జు లెవరొ
తెలియ దయ్యును దేవ! నా దిగులు తోనె
నీవె చూపుదు వని నమ్మి నేను నడతు
దారి తెలియని వాఁడె తాఁ దరినిఁ జేరె

నిర్వాహకుడు: ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానిదే. అత్తగారికి వైద్యుడు దొరికాక మాకూ ఒక మాట చెప్పండమ్మా.