జర్మన్‌లో రేపటి సంగతి చెప్పడానికి ‘వేర్డెన్’ ఎప్పుడు వాడాలి?

ప్రశ్న (స్టుట్‌గార్ట్, కొత్తగా వచ్చినవారు):
అందరికీ నమస్కారం. చదువంతా ఇంగ్లీషు మీడియంలో సాగినందువల్ల, జర్మన్‌లో రేపటి మాట చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు ‘విల్’ ఉండే చోట ‘వేర్డెన్’ పెట్టేస్తున్నాను. తప్పు కాదంటూనే టీచరుగారు ప్రతి వాక్యాన్నీ దిద్దుతున్నారు. దయచేసి నియమం చెప్పగలరు.

జవాబు (ఫ్రాంక్‌ఫర్ట్):
ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగులో ఆలోచించండి. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అనడానికి మనకు ఒకే క్రియారూపం సరిపోయినట్లే, వారికీ ‘ఇష్ కొమ్మె మోర్గెన్’ అన్న వర్తమానకాలం చాలు. రేపన్న సంగతి ‘మోర్గెన్’ చెప్పనే చెబుతోంది. ‘ఇష్ విల్’ అని మాత్రం అనకండి, అది కోరికను తెలుపుతుంది. నన్నడిగితే ‘వేర్డెన్’ జోలికే వెళ్లనక్కరలేదు.

జవాబు (మ్యూనిక్):
మాట్లాడటం సరే, వినేటప్పుడు ‘వోల్’ అన్న చిన్న మాటతో జాగ్రత్త. జనవరి చలిలో మా ఇంటి హీటర్ ఆగిపోతే, ఇంటి యజమాని ‘డెర్ హాండ్‌వెర్కెర్ విర్ట్ వోల్ మోర్గెన్ కొమ్మెన్’ అన్నారు (‘విర్ట్’ అన్నది ‘వేర్డెన్’ రూపమే). మావారు దానిని గట్టి మాటగా తీసుకుని, ఆఫీసుకు సెలవు పెట్టి, స్వెటరు మీద కోటు తొడుక్కుని కాలింగ్‌బెల్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. చీకటి పడినా మెకానిక్కు రాలేదు. ఫోను చేస్తే, వస్తాడని తానెప్పుడు చెప్పానని, రావచ్చునని మాత్రమే అన్నానని ఆ పెద్దమనిషి తాపీగా సెలవిచ్చారు! వ్యాకరణం ఆయన పక్షానే ఉంది. ‘ఎర్ విర్ట్ త్సు హౌజె జైన్’ అన్నా అంతే, ‘ఈపాటికి ఇంట్లో ఉంటాడులే’ అని మనం ఊహించి అనడం లాంటిదే. అప్పటినుంచి తేదీ, గంట ఈమెయిల్‌లో రాయించుకుంటున్నాము.

జవాబు (బెర్లిన్):
ఫ్రాంక్‌ఫర్ట్‌వారి సలహాతో నేను ఏకీభవించను. గట్టిగా మాట ఇవ్వాలన్నా, కాలం తెలిపే మాట లేని చోట అది రేపటి సంగతేనని తెలియజేయాలన్నా ‘వేర్డెన్’ కావాలి. పైగా ఆఫీసు ఉత్తరాలలో ‘విర్ట్’ కనబడగానే భవిష్యత్కాలమని అనుకోరాదు. చివర ‘షికెన్’ ఉంటే పంపుతారని, ‘గెషిక్ట్’ ఉంటే పంపబడుతుందని అర్థం. వాక్యం చివరిదాకా చదివితే గాని తేలదు.

జవాబు (ఫ్రాంక్‌ఫర్ట్):
కర్మణి ప్రయోగం గురించి వారు అడగలేదు కదండీ.

జవాబు (బెర్లిన్):
వీసా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిన రోజున అడుగుతారు లెండి.