సముద్రంలో ఈత మొదలెట్టడానికి ఏ నెలలు మంచివి?

కొత్తఈత:
పూల్‌లో అయితే గంటసేపు ఆగకుండా కొట్టేస్తా, సముద్రంలో మాత్రం నడుంలోతు దాటింది లేదు. ఈసారి సీరియస్‌గా మొదలెడదామని ఉంది. ఎండలు ముదరగానే దిగిపోవచ్చా, ఇంకా ఆగాలా? ఒకళ్లు మే అంటారు, ఇంకొకళ్లు సెప్టెంబర్ అంటారు, ఎవరి మాట వినాలో తెలీట్లా. వాన పడ్డాక దిగకూడదంటారు, అదీ నిజమేనా?

ఉప్పునీళ్లు:
ఎండని చూసి దిగితే మోసపోతారండీ. నీళ్లు గాలంత తొందరగా వేడెక్కవు, నెలా రెండు నెలలు వెనకబడే ఉంటాయి. చలిదేశాల్లో మేలో ఎండ ఫెళ్లున కాస్తున్నా నీళ్లు జివ్వుమంటూనే ఉంటాయి, ఆగస్టు సెప్టెంబర్లలో గానీ వేడి పట్టవు. భూమధ్యరేఖకి దక్షిణాన అయితే ఫిబ్రవరి, మార్చి అనుకోండి. 15 డిగ్రీల లోపు నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే మన ప్రమేయం లేకుండానే గుటుక్కున ఊపిరి లోపలికి లాగేస్తాం, అప్పుడు మొహం నీళ్లలో ఉందంటే అంతే సంగతులు. అది నిమిషం రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది, అందుకే మెల్లిగా దిగి మెడా మొహం తడుపుకుని ఊపిరి కుదురుకున్నాకే ఈత మొదలెట్టాలి.

గాలివాటం:
పైన చెప్పింది కరెక్టే గానీ వేడిదేశాల్లో ఆ లెక్క పెద్దగా పనికిరాదు, అక్కడ నీళ్లు ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటాయి, చూడాల్సింది గాలీ అలలూ. తుఫాన్ల నెలలు, రుతుపవనాల నెలలు పక్కన పెట్టేయండి. మిగతా రోజుల్లో కూడా పొద్దున్నే దిగండి, మధ్యాహ్నానికి నేల వేడెక్కి సముద్రం మీంచి గాలి లేస్తుంది, నీళ్లు గరుకుగా అయిపోతాయి. అమావాస్య పౌర్ణములకి ఆటుపోట్లు పెద్దవి, లాగుడు ఎక్కువ. అష్టమి దగ్గర్లో నెమ్మదిగా ఉంటుంది. ఇంగ్లిష్ ఛానల్ ఈదేవాళ్లలో చాలామంది చూసుకునేది ఆ రోజులే, అది కూడా జూన్ చివర్నుంచి సెప్టెంబర్ చివరి దాకా.

కొత్తఈత:
థాంక్సండీ. మరి జెల్లీఫిష్‌లు వెచ్చటి నీళ్లకే వస్తాయంటగా?

ఉప్పునీళ్లు:
చాలాచోట్ల అంతే, వెచ్చటి నెలల్లో దిగితే ఆ గొడవ ఉంటుంది. గాలి ఒడ్డు వైపు కొట్టినప్పుడు ఎక్కువ కొట్టుకొస్తాయి. ఇసుకలో చచ్చిపడున్నవి కూడా కుడతాయి, ముట్టుకోవద్దు. వాన సంగతి నిజమే, పెద్ద వాన పడ్డాక కాలవలూ మురికినీళ్లూ అన్నీ వచ్చి కలిసేది అందులోనే, రెండు మూడు రోజులు ఆగండి.

గాలివాటం:
ఇంకోటి. ఒడ్డు నించి లోపలికి గాలి వీచే రోజు నీళ్లు నున్నగా కనిపించి ఊరిస్తాయి, వెళ్లేటప్పుడు హాయి, తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. అలాగే రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక్కచోట మాత్రం విరగట్లేదంటే అది రిప్ కరెంట్, అంటే ఒడ్డు నించి లోపలికి లాగేసే నీటి ప్రవాహం, అయ్యుండొచ్చు, కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు! ఒకవేళ లాగేస్తే ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడండి. మొదటి ఏడాదికి నెల ఏదని కాదు, మీ బీచ్‌లో లైఫ్‌గార్డులు ఏ నెలల్లో ఉంటారో ముందు అది కనుక్కోండి.