రాక్‌ఫెల్లర్ సెంటర్ క్రిస్మస్ చెట్టు దగ్గరికి వీల్‌చెయిర్‌తో ఏ వీధి నుంచి వెళ్లాలి?

డిసెంబర్ 23 సాయంత్రం న్యూజెర్సీ నుంచి కుటుంబంతో న్యూయార్క్ వస్తున్నాం. అమ్మ వీల్‌చెయిర్‌లో, రెండేళ్ల పాప స్ట్రోలర్‌లో. అమ్మ నాలుగడుగులు వేయగలరు గానీ మెట్లు ఎక్కలేరు.

రైలు వరకు ఇబ్బంది లేదు. మేం రైలెక్కే మెట్రోపార్క్ స్టేషన్‌లో ఎలివేటర్ ఉంది, న్యూయార్క్ పెన్ స్టేషన్‌లోనూ ఉంది. అక్కడి నుంచి హెరాల్డ్ స్క్వేర్ దాకా ఒక అవెన్యూ తోసుకెళ్లి ఎఫ్ గానీ డి గానీ సబ్‌వే రైలెక్కితే రాక్‌ఫెల్లర్ సెంటర్ దగ్గరి 47-50 స్ట్రీట్స్ స్టేషన్‌లో దిగొచ్చు. రెండు చోట్లా ఎలివేటర్లున్నాయి. చిక్కంతా పైకొచ్చాకే.

పోయిన శనివారం సాయంత్రం 6కి ఫిఫ్త్ అవెన్యూ నుంచి చెట్టు వైపు వెళ్లే నడకదారి చానల్ గార్డెన్స్ మీదుగా ప్రయత్నించాం. చక్రం తిప్పే సందు లేదు. కూర్చున్న మనిషికి ముందువాళ్ల కోట్లు తప్ప ఏమీ కనబడవు, చెట్టు ఎంత ఎత్తుంటే ఏం లాభం! సగంలోనే వెనక్కి తిరిగాం. క్యాబ్‌లో వెళ్లినా లాభం లేదు, దగ్గరి వీధులు మూసి ఉండటంతో మాడిసన్ అవెన్యూలోనే దిగాల్సి వచ్చింది. అక్కడి నుంచి మళ్లీ అదే గుంపు.

పొద్దున 5కే దీపాలు వెలుగుతాయి, అప్పుడు జనం తక్కువ. కానీ ఆ చలిలో అమ్మనీ పాపనీ తీసుకురాలేం. 31న రాత్రి 9కే ఆర్పేస్తారు, పైగా టైమ్స్ స్క్వేర్ జనం. అందుకే ఆ రోజు వద్దనుకున్నాం.

ఈ సీజన్‌లో వీల్‌చెయిర్‌తో వెళ్లినవాళ్లు చెప్పండి: సిక్స్త్ అవెన్యూ వైపు నుంచి 49వ వీధి, 50వ వీధి, ఈ రెండింట్లో దేనిగుండా వస్తే సాయంత్రం 5-7 మధ్య మెట్లు లేకుండా చెట్టు బాగా కనబడేంత దగ్గరికి చేరొచ్చు?