ఎక్కినప్పుడు రాని నొప్పి దిగినాక ఎందుకొచ్చింది?

గాలిగోపురం_బాబు:
అన్నలూ ఒక డౌట్. శనివారం శ్రీవారిమెట్టు దారిలో ఎక్కినాం, 2388 మెట్లు, ఆయాసం వచ్చింది, చెమట్లు కారిపోయినాయి కానీ కాళ్లు బాగనే ఉన్నాయి. దర్శనం అయినాక బస్సెందుకు బావా, దిగడమే కదా అని మా బామ్మర్ది రెచ్చగొడితే అలిపిరి వైపు నడిచే దిగేసినాం, అది 3550. ఆ రోజు ఏం లేదు, రాత్రి హాయిగా పడుకున్నా. ఆదివారం పొద్దున లేస్తే తొడల ముందు భాగం రాయి మాదిరి అయిపోయింది, సోమవారం ఇంకా ఎక్కువ, ఇప్పుడు మా ఇంటి ముందర ఉండే రెండు మెట్లు దిగాలన్నా పీత మాదిరి పక్కకు తిరిగి దిగతా ఉన్నా. జిమ్ ఫ్రెండ్ ఏమో లాక్టిక్ యాసిడ్ పేరుకుంది అంటాడు. అట్లైతే ఎక్కేటప్పుడు కదా ఒళ్లు హూనమయింది, దిగేటప్పుడు కండకు పనేముంది అసలు?

కర్పూరం_నూనె:
కొబ్బరినూనె వెచ్చచేసి కర్పూరం వేసి రుద్దు సామీ, రెండు పూటలు. మా అవ్వ ఇదే చేస్తుంది.

జువాలజీ_మేడం:
రుద్దుకో బాబూ, హాయిగా ఉంటుంది, కానీ కారణం వేరే. లాక్టిక్ యాసిడ్ పని ఆపిన గంట, గంటన్నరలో రక్తంలోంచి పోతుంది, సోమవారం దాకా నీ తొడలో కూర్చుని ఉండదు. పైగా అది ఎక్కువ తయారయ్యేది ఎక్కేటప్పుడే, నీకేమో ఎక్కినప్పుడు నొప్పే లేదు.

బాగా ఉడికిన మటన్ ముక్కను తుంచితే పీచులు పీచులుగా వస్తుంది కదా, ఆ ఒక్కో పీచు కొన్ని తంతువుల కట్ట. ఒక తంతువు వెంట్రుకంత మందం, కొన్ని ఇంకా సన్నం, అది మొత్తం ఒక్కటే కణం. దాని లోపల నిలువునా మయోఫైబ్రిల్స్ అనే దారాలు, ఒక్కో దారంలో రైలు పెట్టెల మాదిరి వరసగా సార్కోమియర్లు, ఒక్కోటి సుమారు 2.5 మైక్రోమీటర్లు, అంటే సెంటీమీటరుకు 4000. ఒక్కో పెట్టె రవ్వంత కుదించుకుంటే చాలు, అన్నీ కలిస్తే కాలు కదులుతుంది.

పెట్టెకు రెండు కొసల్లో ఉండే గోడల నుంచి ఆక్టిన్ అనే ప్రోటీన్‌తో అయిన సన్నటి తాళ్లు మధ్యకు వస్తాయి, మధ్యలో మయోసిన్ అనే ఇంకో లావుపాటి ప్రోటీన్ ఉంటుంది, దానికి బోలెడు చేతులు. బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రథం లాగేవాళ్లను చూడు, కొందరు తాడు పట్టుకుని ఉంటే కొందరు చెయ్యి మార్చుకుంటారు, అంతా ఒక్కసారి వదలరు. ఇక్కడా అంతే, ఆ చేతులు లాగితే తాడు పొట్టిదైపోదు, జారి లోపలికి వస్తుంది. 1954లో రెండు టీములు వేర్వేరుగా ఈ మాట చెప్పాయి, రెండిట్లోనూ ఒక హక్స్‌లీ ఉన్నాడు, ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, మా పిల్లలు ప్రతి ఏడాదీ ఇద్దరినీ ఒకరే అనుకుంటారు. నరం నుంచి సిగ్నల్ వచ్చినప్పుడు కణం లోపలి సంచుల్లోంచి కాల్షియం వదులుతుంది, దాంతో తాడు మీద కప్పి ఉన్న ట్రోపోమయోసిన్ పక్కకు జరిగి చేతులకు పట్టు దొరుకుతుంది.

ఇప్పుడు నీ డౌట్. కండకు లాగడం ఒక్కటే వచ్చు, నెట్టడం రాదు. మెట్టు దిగేటప్పుడు ఒళ్లు దబ్బున కిందకు పడకుండా తొడ ముందు కండ బిగబట్టి లాగతానే ఉంటుంది, కానీ మోకాలు వంగతా ఉంటుంది కాబట్టి అదే కండ సాగతా ఉంటుంది. చేతులు తాడు వదలకముందే రథం వెనక్కి ఈడ్చినట్టు. పైగా అదే బరువుకు దిగేటప్పుడు తక్కువ తంతువులే పనిలోకి వస్తాయి, ఒక్కోదాని మీద భారం ఎక్కువ. కొన్ని పెట్టెలు మితిమీరి సాగి చెదిరిపోతాయి, తర్వాత అక్కడ వాపు మొదలై చుట్టూ నరాల కొసలు సెన్సిటివ్ అవుతాయి, దానికి టైం పడుతుంది, అందుకే నొప్పి మర్నాడు మొదలై రెండు మూడు రోజులు ముదురుతుంది. గాలిగోపురం నుంచి అలిపిరి దాకా నిట్టనిలువు మెట్లే కదా, అక్కడే నీ పని అయిపోయుంటుంది.

మటన్‌షాపు_తమ్ముడు:
మేడం మాది చిత్తూరులో షాపు. యాటను కోసిన వెంటనే కండ ఇంకా అదరతా ఉంటుంది, చేత్తో నొక్కితే మెత్తగా ఉంటుంది, కొన్ని గంటలకు కట్టె మాదిరి బిగుసుకుంటుంది. చచ్చినాక లాగేదెవరు?

జువాలజీ_మేడం:
భలే అడిగినావు నాయనా. మయోసిన్ చెయ్యి తాడును వదలాలంటే ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే ఇంధనం లాంటిది, కావాలి, పట్టుకునేదానికి కాదు, వదిలేదానికి. అందరూ ఉల్టా అనుకుంటారు. ప్రాణం పోయినాక ఏటీపీ అయిపోతుంది, పట్టుకున్న చేతులు అట్లనే ఉండిపోతాయి. తర్వాత ఎంజైములు ప్రోటీన్లను కొరికేస్తే మళ్లీ మెత్తబడుతుంది.

పిక్కబలం_ఫిజియో:
మేడం చెప్పింది కరెక్ట్. బాబూ, పూర్తిగా పడుకోవద్దు, ఇంట్లోనే చదునుగా ఉండే చోట మెల్లగా నడు, వారం లోపల తగ్గిపోతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, కాలు బాగా ఉబ్బినా మాత్రం లేట్ చేయకుండా డాక్టర్ దగ్గరికి పో, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి దిగి కిడ్నీలను దెబ్బ తీస్తుంది, అట్ల జరిగేది తక్కువే కానీ తెలిసుండాలి. ఇంకోటి, ఒకసారి ఇట్ల దిగినవాళ్లు కొన్ని వారాల లోపల మళ్లీ దిగితే నొప్పి చాలా తక్కువ ఉంటుంది, కండ అలవాటు పడుతుంది.

గాలిగోపురం_బాబు:
థ్యాంక్యూ మేడం, రంగు మామూలుగానే ఉంది అన్నా. ఇప్పుడే తొడ మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో మెల్లగా కూర్చుని చూసినా, నిజమే, కిందకు పోయేటప్పుడు గట్టిగా బిగుసుకుంది, కూర్చున్నాక వదిలేసింది. అమ్మా అని అరిచినా కూడా. ఫిజియో అన్న లాస్టులో రాసింది చదివినాక బామ్మర్దికి ఫోన్ చేసినా, వానికి ఏ నొప్పీ లేదంట. గట్టిగా అడిగితే పోయిన నెల ఫ్రెండ్స్‌తో దిగినాడంట, అప్పుడు మూడు రోజులు లేవలేదంట, నాకు ఒక్క మాట చెప్పలేదు.