అప్‌డేట్: సౌత్ లువాంగ్వా వాకింగ్ సఫారీ, సెట్సీ ఈగల సంగతి తేలింది

జాంబియాలోని సౌత్ లువాంగ్వా నేషనల్ పార్కులో నడక సఫారీకి ఏం వేసుకోవాలి, సెట్సీ ఈగలు (రక్తం పీల్చే ఆఫ్రికా ఈగలు) కుట్టకుండా ఏం పూసుకోవాలి అని అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

బట్టల రంగు మార్చమన్న సలహానే పనిచేసింది. ఈ ఈగలు నీలం, నలుపు రంగులకే ఎగబడతాయి. వాటిని పట్టే ఉచ్చులకు కట్టేదీ ఆ రంగుల గుడ్డే. జీన్స్ వద్దు. వదులుగా, మందంగా ఉన్న ఖాకీ చొక్కా, ప్యాంటు వేసుకోండి, పల్చటి బట్టైతే దాని మీంచే కుడతాయి. పూసుకునే క్రీములు దోమలకు సరే, వీటిని పెద్దగా ఆపవు.

మోకాలి దాకా బూట్లు అక్కర్లేదు. చీలమండ కప్పే, బాగా అలవాటైన జత చాలు. ఎండిన నల్లమట్టిలో ఏనుగు అడుగులు గట్టిపడి గుంటల్లా ఉంటాయి, కాలు మెలిపడేది అక్కడే.

మలేరియా రాకుండా అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రలు వాడేవాళ్లు తిరిగొచ్చాక కూడా 7 రోజులు వేసుకోవాలి.